పెరట్లో పాత చెట్టు: ఉంచాలా, కొట్టించాలా? మీరే ఎలా తేల్చుకోవాలి

గాలివాన రాత్రి కిటికీలోంచి చూస్తే చెట్టు పూనకం వచ్చినట్టు ఊగుతుంటుంది. "తెల్లారగానే కొట్టించేద్దాం" అనుకుంటాం. తెల్లారేసరికి ఎండ కాస్తుంది, కడిగిన ఆకులు తళతళలాడుతుంటాయి, చిటారు కొమ్మన ఏదో పిట్ట కూస్తుంటుంది. "ఇంత పచ్చటి చెట్టుని ఎలా కొట్టిస్తాంలే" అని ఊరుకుంటాం. మళ్లీ గాలి లేస్తే మళ్లీ అదే టెన్షన్.

భయపడి కొట్టించినా, జాలిపడి వదిలేసినా చెట్టును సరిగ్గా చూడనట్టే లెక్క. ఈ సంగతి తేల్చాల్సింది గాలి లేని రోజున, పట్టపగలు, చేతిలో టేపు పెట్టుకుని. గంటా గంటన్నర పడుతుంది. ఒక కొలత టేపు, చెక్క సుత్తి (లేదా రబ్బరు సుత్తి), పొడుగాటి స్క్రూడ్రైవర్, మొదట్లో చెత్త తీయడానికి చిన్న పార, రాసుకోవడానికి కాగితం, సుద్దముక్క తీసుకోండి. పైకొమ్మలు చూడటానికి బైనాక్యులర్ ఉంటే మంచిది, లేకపోతే ఫోన్ కెమెరా జూమ్ చేసినా పని జరుగుతుంది.

రెండు నమ్మకాలను మాత్రం గేటు బయటే వదిలేయండి. "ముసలి చెట్టు కాబట్టి పడిపోతుంది" అన్నది ఒకటి. "పచ్చగా ఉంది కాబట్టి పడదు" అన్నది రెండోది. రెండోదే ఎక్కువ ప్రమాదం. ఎందుకో వేళ్ల దగ్గరికి వచ్చినప్పుడు చెప్తాను.

1. ముందు చెట్టును కాదు, చెట్టు కింద చూడండి

అడవి మధ్యలో కుళ్లిపోయిన మాను ఎవరికీ ప్రమాదం కాదు. అదే మాను పడకగది కప్పు పక్కన ఉంటే ప్రమాదం. కాబట్టి మొదటి ప్రశ్న: ఇది పడితే దేని మీద పడుతుంది?

దానికి చెట్టు ఎత్తు తెలియాలి. ఒక తిన్నని కర్ర తీసుకోండి. చెయ్యి ముందుకు పూర్తిగా చాచి కర్రను నిలువుగా పట్టుకోండి. పిడికిలి పైన కనిపించే కర్ర పొడవు, మీ కంటి నుంచి పిడికిలి దాకా ఉన్న దూరం సమానంగా ఉండాలి. ఇప్పుడు చెట్టుకు ఎదురుగా వెనక్కి నడవండి. చెట్టు మొదలు మీ పిడికిలి పైఅంచుకీ, చెట్టు కొస కర్ర కొసకీ సరిపోయిన చోట ఆగండి. అక్కడి నుంచి చెట్టు మొదలు దాకా ఎంత దూరమో చెట్టు ఎత్తు దాదాపు అంత.

కాగితం మీద చెట్టు చుట్టూ ఆ కొలతతో ఒక వలయం గీయండి. పడేటప్పుడు విరిగిన కొమ్మలు ఎగిరిపడతాయి కాబట్టి దానికి ఒకటిన్నర రెట్లతో రెండో వలయం. ఈ వలయాల్లో ఉన్నవన్నీ రాయండి: మన ఇల్లు, పక్కింటి కప్పు, రోడ్డు, కరెంటు తీగలు, బండి పెట్టే చోటు, పిల్లల ఊయల. ఒక్కోదాని పక్కన రోజులో అక్కడ మనుషులు ఎంతసేపు ఉంటారో కూడా రాయండి. రాత్రంతా నలుగురు పడుకునే గదీ, వారానికోసారి వెళ్లే సామాన్ల షెడ్డూ ఒకటి కాదు.

ఇది రాసుకున్నాక చాలామందికి ఒక చిన్న ఉపాయం తడుతుంది. ఊయలను ఇటు మార్చేయొచ్చు, బండిని అటు పెట్టుకోవచ్చు. చెట్టును కదిలించలేం గానీ కింద ఉన్నవాటిని కదిలించొచ్చు. కొన్నిసార్లు సమస్య అక్కడితోనే సరి.

2. దూరంగా నిలబడి మొత్తం చెట్టు చూడండి

చెట్టు ఎత్తంత దూరంలో నిలబడి నాలుగు వైపుల నుంచీ చూడండి. దగ్గరలో అదే జాతి చెట్టు ఇంకొకటి ఉంటే దానితో పోల్చండి. మీ చెట్టుకి ఆకు చిన్నదై, పలచబడి, కొసల నుంచి లోపలికి ఎండుకుంటూ వస్తోందంటే వేళ్ల దగ్గరో మొదట్లోనో ఏదో తేడా జరిగినట్టు. ఆకు రాల్చే జాతి అయితే మోడుగా ఉన్న కాలంలో చూసి కంగారు పడకండి, చిగురించాక చూడండి. కొమ్మ బతికుందో లేదో అనుమానమైతే సన్నరెమ్మ బెరడును గోటితో గీకండి. కింద పచ్చగా, తడిగా ఉంటే బతికుంది. గోధుమరంగులో పొడిగా ఉంటే ఎండిపోయింది.

గుబురులో సగానికి మించి ఎండిపోతే అది మళ్లీ కోలుకోవడం అరుదు. అలాంటిదాన్ని కొట్టించే జాబితాలో రాసుకోవచ్చు. సగంలోపు అయితే ఎండిన కొమ్మలు తీయించి ఒక ఏడాది చూడటం మేలు.

విరిగి, కింద పడకుండా పైన ఇరుక్కుపోయిన కొమ్మల సంగతి వేరు. వాటికి ఏడాది గడువు లేదు. ముప్ఫై సెంటీమీటర్ల లావు, మూడు మీటర్ల పొడవు ఉన్న పచ్చి దుంగ దాదాపు 200 కిలోలు తూగుతుంది. చూడటానికి అంత అనిపించదు, అదే చిక్కు. అది దించేదాకా ఆ కింద ఎవరినీ తిరగనివ్వకండి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. కొన్ని చెట్లు గాలే లేని ఎండ మధ్యాహ్నం పూట, చూడటానికి బాగానే ఉన్న పెద్ద కొమ్మను ఉన్నట్టుండి వదిలేస్తాయి. నీలగిరి జాతి చెట్లకు ఈ పేరు బాగా ఉంది. ఎందుకలా జరుగుతుందో శాస్త్రజ్ఞులు ఇప్పటికీ ఒక మాట మీద లేరు. అందుకని అడ్డంగా, పొడుగ్గా, కొసన బరువుతో సాగిపోయిన కొమ్మ కింద మంచం వేసుకునే అలవాటు ఉంటే మానుకోండి.

3. వాలు పాతదా, కొత్తదా?

వాలిన చెట్లన్నీ పడిపోయేవి కావు. చిన్నప్పుడే వెలుతురు కోసం ఒక పక్కకి ఒరిగిన చెట్టు పెరిగేకొద్దీ కొసను మళ్లీ పైకి తిప్పుకుంటుంది. మాను మొత్తం కొడవలి వంపులా కనిపిస్తుంది. అది వాలుతోనే పెరిగింది, దానికి తగ్గట్టు వేళ్లనూ కట్టుకుంది.

భయపడాల్సింది తిన్నగా ఉన్న మాను తిన్నగానే ఒరిగినప్పుడు. ఎక్కడా వంపు లేకుండా, పాతిన గుంజ సడలినట్టు. అప్పుడు వాలిన దిక్కుకి ఎదురు వైపు నేల చూడండి. అక్కడ మట్టి ఉబ్బి, నెర్రె విచ్చి, మానుకీ మట్టికీ మధ్య సందు కనిపిస్తే వేళ్లు పట్టు వదిలేస్తున్నాయి. దీనికి ఆలోచన అక్కర్లేదు. ఇంట్లోవాళ్లను ఆ వైపు గదుల్లోంచి మార్చి, చెట్లు దించేవాళ్లకు ఆరోజే ఫోన్ చేయండి.

తేల్చుకోలేకపోతే ఒకే చోట నిలబడి, వెనక గోడ అంచో స్తంభమో కనిపించేలా నెలకో ఫొటో తీసి పెట్టుకోండి. నిలబడ్డ చోట ఒక రాయి పాతండి. జ్ఞాపకం మోసం చేస్తుంది, ఫొటో చేయదు.

4. పంగలు

రెండు లావాటి కొమ్మలు కలిసే చోటును పంగ అంటాం కదా, అక్కడ ఆకారం చూడండి. ఊయల తాడు వేలాడినట్టు విశాలంగా, గుండ్రంగా ఉంటే గట్టి పంగ. రెండూ సమానమైన లావుతో, చేతులు జోడించినట్టు ఇరుకుగా పైకి లేస్తే అనుమానించాలి. ఆ సందులో రెండు కొమ్మల బెరడూ లోపలికి మడుచుకుపోయి ఉంటుంది. బెరడు బెరడుతో అతుక్కోదు. బయటికి ఒక్కటిగా కనిపించినా లోపల కర్ర కర్రతో కలవలేదు.

పంగ కింద నిలువు చీలిక ఉందా, దానిలోంచి నీరు కారిన నల్లటి చార ఉందా చూడండి. గాలికి ఆ చీలిక తెరుచుకుని మూసుకుంటుంటే దాని పని అయిపోవచ్చినట్టే. చీలిక లేకపోతే ఒక కొమ్మ బరువు తగ్గించడం, పైన ఉక్కు తాడుతో రెంటినీ కలిపి కట్టడం లాంటి మార్గాలున్నాయి. అది తెలిసినవాళ్లు చేయాల్సిన పని. మామూలు తీగను కొమ్మ చుట్టూ బిగించి కడితే నాలుగేళ్లలో అది బెరడును కోసేసి, కొమ్మనే చంపుతుంది.

5. మొదలూ వేళ్లూ (ఇక్కడ తొందరపడకండి)

మా పెరట్లో ఒక మామిడి ఉండేది. ప్రహరీ కట్టించేటప్పుడు పునాది కోసం చెట్టుకి రెండు బారల దూరంలో కందకం తవ్వారు. ముంజేయంత లావు వేళ్లు అడ్డం వచ్చాయి. పనివాళ్లు గొడ్డలితో నరికి పక్కన కుప్ప పోశారు. నేనక్కడే ఉన్నాను, గోడ తిన్నగా వస్తోందని సంతోషించాను తప్ప ఒక్క మాట అనలేదు. చెట్టు ఆ ఏడూ కాసింది, పై ఏడూ కాసింది. మూడో వానాకాలం రెండు రోజులు ముసురు పట్టి వెలిసిన రాత్రి, ఆకు కదలని వేళ, అది నెమ్మదిగా గోడకి ఎదురు దిక్కున ఒరిగి బట్టలారేసే తీగల మీద పడుకుంది. పొద్దున్నే వెళ్లి చూస్తే ఆకులు నిగనిగలాడుతున్నాయి. గోడ వైపు మాత్రం వేళ్లే లేవు. నల్లగా పుచ్చిన మొండి ముక్కలు, చేత్తో నలిపితే పొడి అయ్యేవి.

చెట్టుకి నీళ్లు అందించడానికి కొద్దిపాటి బతికున్న వేళ్లు చాలు. నిలబెట్టడానికి చాలవు. అందుకే పచ్చదనం చూసి చెట్టు భద్రం అనుకోకూడదంటాను.

వేళ్లు చాలావరకు నేల పైపొరలోనే, సుమారు 60 సెంటీమీటర్ల లోతులోపే ఉంటాయి, గుబురు నీడను దాటి ఇంకా దూరం పాకుతాయి. ఎంత దూరంలో తవ్వితే చెట్టుకి దెబ్బ అనేదానికి ఒక వాడుక లెక్క ఉంది. ఛాతీ ఎత్తులో మాను చుట్టుకొలత తీసుకుని 3.14తో భాగించండి, వ్యాసం వస్తుంది. దానికి 12 రెట్ల దూరం దాకా కాపాడుకోవాల్సిన వేళ్ల ప్రాంతం. చుట్టుకొలత 190 సెంటీమీటర్లయితే వ్యాసం సుమారు 60, కాబట్టి చుట్టూ 7 మీటర్ల పైచిలుకు. వ్యాసానికి మూడు రెట్లలోపు, అంటే ఈ చెట్టుకి 1.8 మీటర్లలోపు లావు వేళ్లు తెగితే అసలు నిలబడే బలానికే ముప్పు. గత అయిదారేళ్లలో మీ పెరట్లో జరిగిన తవ్వకాలన్నీ గుర్తు చేసుకోండి: పైపులైను, సెప్టిక్ ట్యాంకు, గోడ, గచ్చు. ఏ వైపు, ఎంత దూరంలో, కాగితం మీద గుర్తు పెట్టండి.

ఇప్పుడు పార తీసుకుని మొదలు చుట్టూ ఆకూ చెత్తా తీసేయండి. ఆరోగ్యంగా ఉన్న మాను నేలను తాకే చోట వెడల్పై, ఏనుగు పాదంలా, వేళ్లలోకి దిగుతుంది. కరెంటు స్తంభంలా తిన్నగా మట్టిలోకి దిగిపోతోందంటే ఎప్పుడో ఎవరో మొదట్లో మట్టి పోసి పూడ్చారు. ఆ మట్టిని మెల్లగా తీసి లోపల బెరడు ఎలా ఉందో చూడాలి. చాలాకాలం తడి మట్టిలో ఉన్న బెరడు కుళ్లిపోవచ్చు. ఒక్కోసారి ఒక వేరు మాను చుట్టూ తిరిగి ఉరితాడులా బిగుసుకుని కూడా కనిపిస్తుంది.

మొదట్లో చేటలాగో, చిన్న అరలాగో, చెక్కంత గట్టిగా అంటుకుని ఉన్న పుట్టగొడుగు కనిపిస్తే దానికి మీ కాగితంలో రెండు గీతలు కింద గీయండి. అది బూజుకి కాయ లాంటిది. చెట్టు లోపల ఎన్నో ఏళ్లుగా కర్రను తింటున్న శిలీంధ్రం చివర్లో బయటికి పంపేది అదే. తన్ని రాల్చేస్తే జబ్బు పోదు, గుర్తు పోతుంది. ముందు ఫొటో తీసుకోండి. కొమ్మ మీద ఉంటే ఆ కొమ్మతో పోవచ్చు, మొదట్లోనో లావు వేరు మీదో ఉంటే చెట్టు మొత్తం అనుమానమే. ఎండాకాలంలో ఇవి ఎండి నల్లబడి ముక్కలుగా మిగులుతాయి, కాబట్టి వానలు పడ్డ కొన్ని వారాలకు ఇంకోసారి వెతకండి.

చెదపుట్ట చూసి మాత్రం వెంటనే తీర్పు చెప్పకండి. బెరడు మీద మట్టి గీతలున్నంత మాత్రాన చెట్టు అయిపోయినట్టు కాదు. చాలా రకాల చెద పీకేది ఎండిన కర్రనే. అది ఎక్కడికి వెళ్తోందో చూస్తే లోపల ఎండు ఎక్కడుందో మీకే తెలుస్తుంది.

6. తొర్ర ఉందా? గోడ మందం కొలవండి

తొర్ర కనిపిస్తే "లోపలంతా డొల్ల, ఇక పడిపోతుంది" అంటారు. అంత తేలిగ్గా తేల్చలేం. కాండంలో బరువు మోసేదీ, వంగకుండా ఆపేదీ ఎక్కువగా బయటి పొరలే. నడుమ చేవ పోయినా బయటి గొట్టం మందంగా ఉంటే మాను నిలబడుతుంది. లెక్క వేస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. మొత్తం వ్యాసంలో సగం డొల్ల అయితే వంపును తట్టుకునే బలం పోయేది 6 శాతమే. డొల్ల 70 శాతానికి చేరితే సుమారు 24 శాతం పోతుంది. 90 శాతమైతే మూడింట రెండు వంతులు పోతుంది. అంటే చాలాకాలం ఏమీ కానట్టే ఉండి, చివర్లో ఒక్కసారిగా బలం జారిపోతుంది.

జర్మన్ శాస్త్రవేత్త క్లాస్ మాథెక్ విరిగినవీ నిలబడ్డవీ పోల్చి చెప్పిన ఒక కొండగుర్తు చెట్ల పరీక్షకులు ఇప్పటికీ వాడతారు: మిగిలిన గట్టి గోడ మందం మాను వ్యాసార్ధంలో 30 శాతం కంటే తక్కువైతే ప్రమాదం బాగా పెరుగుతుంది. 60 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న మానుకి వ్యాసార్ధం 30, అంటే చుట్టూ కనీసం 9 సెంటీమీటర్ల గట్టి కర్ర ఉండాలి. దీని మీద విమర్శలున్నాయి, దీన్నే వేదంగా పట్టుకోవద్దు. ఈ లెక్క చుట్టూ మూసుకున్న గొట్టానికే. ఒక పక్క పెద్దగా తెరుచుకున్న తొర్ర అయితే బలం ఇంకా తక్కువ.

కొలవడం ఇలా. సుత్తితో మాను చుట్టూ మోకాలి ఎత్తులో, నడుము ఎత్తులో, తల ఎత్తులో జానెడు జానెడు దూరంలో తట్టండి. దెబ్బ గట్టిగా వేయక్కర్లేదు, తలుపు తట్టినట్టు చాలు. గట్టి కర్ర "టక్కు"మని పొట్టిగా పలుకుతుంది. డొల్ల ఉన్న చోట "డబ్బు"మని డోలులా మోగుతుంది. మోగిన చోటల్లా సుద్దతో గీత పెట్టండి. ఊడిన బెరడు కూడా ఇలాగే మోగుతుంది, కాబట్టి అక్కడ బెరడు కదులుతోందేమో చేత్తో చూడండి. చుట్టూ తిరిగొచ్చాక సుద్ద గీతలన్నీ కలిపి చూస్తే డొల్ల ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ఒక పటంలా కనిపిస్తుంది. నేను మొదటిసారి చేసినప్పుడు, తొర్ర ఉన్న వైపు బాగానే పలికి, ఏ మచ్చా లేని వెనక వైపు మోగింది.

తొర్ర నోరు ఉంటే స్క్రూడ్రైవర్‌ను లోపలి గోడలోకి నొక్కండి. తడిసిన అట్టలో దిగినట్టు దిగితే అది పుచ్చు. ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి గట్టి కర్ర. బాగున్న బెరడును మాత్రం పొడవకండి, కొత్త గాయం అవుతుంది.

ఇక్కడ ఒక పాత అలవాటు గురించి చెప్పాలి. తొర్రలో సిమెంటు పోయించడం. వద్దు. చెట్టు గాలికి వంగుతుంది, సిమెంటు వంగదు. రెండూ రాసుకుని లోపల కర్ర నలుగుతుంది, మధ్యలో తడి నిలిచి కుళ్లు పెరుగుతుంది. నీళ్లు పోవడానికని తొర్ర కింద రంధ్రం వేయడమూ అంతే తప్పు. అమెరికా అటవీ విభాగంలో పనిచేసిన అలెక్స్ షైగో వేలకొద్దీ చెట్లను నిలువునా కోసి చూసి, 1970లలో ఒక సంగతి వివరించారు. చెట్టు గాయాన్ని మాన్పుకోదు, దాని చుట్టూ గోడ కట్టి లోపలే బంధించేస్తుంది, కొత్త కర్రను బయట పెంచుకుంటుంది. మనం రంధ్రం వేస్తే ఆ గోడకి కన్నం పెట్టినట్టే. కోసిన చోట పూసే రంగుల వల్ల కూడా కుళ్లు ఆగదు.

కొబ్బరి, తాటి, ఈత జాతులకు ఈ లెక్కలు పనికిరావు

వీటికి ఏటేటా లావయ్యే పొర లేదు. మానుకి గాయమైతే జీవితాంతం అలాగే ఉంటుంది, చుట్టూ కొత్త కర్ర పెరగదు. మొవ్వు చచ్చిపోతే ఒంటిమాను చెట్టు చచ్చినట్టే, పక్క నుంచి కొత్త కొమ్మ రాదు. మొదట్లో గనోడెర్మా అనే శిలీంధ్రం తాలూకు చేటలు మొలిచినా, మాను కింది భాగం నుంచి గోధుమరంగు రసం కారుతున్నా ఆశ పెట్టుకోకండి. అదే జాతి చెట్లు పక్కన ఉంటే వాటికీ నేల ద్వారా అంటుకోవచ్చు, మొద్దుతో సహా తీయించాలి. నడుమ ఒకచోట సన్నబడి మళ్లీ లావెక్కిన మాను మాత్రం అక్కడ ఎప్పుడో నీళ్లు చాలని కాలం గడిపిందని చెప్పే పాత గుర్తు కావచ్చు. ఆ నొక్కు బాగా సన్నంగా ఉంటే తప్ప దిగులక్కర్లేదు.

7. గోడలు, పైపులు

"వేళ్లు పునాదిని లేపేస్తున్నాయి" అన్న ఫిర్యాదు ఎక్కువగా వింటాం. గచ్చు, కాలిబాట, తేలికపాటి ప్రహరీ, వీటిని వేళ్లు లేపడం నిజం. మంచి పైపును వేరు పగలగొట్టడం అరుదు. కారుతున్న అతుకు దొరికితే ఆ తడికి లోపల దూరుతుంది. అతుకు బాగు చేయించకుండా చెట్టు కొట్టిస్తే రేపు ఇంకో మొక్క వేరు దూరుతుంది.

బంకమన్ను నేలలో ఇల్లు ఉంటే ఒక మెలిక ఉంది. చెట్టు నీళ్లు పీల్చినప్పుడు ఆ మన్ను ముడుచుకుంటుంది, చెట్టు పోయాక తడెక్కి మళ్లీ ఉబ్బుతుంది. ఇంటికంటే ముందు నుంచీ ఉన్న పెద్ద చెట్టును ఒక్కసారిగా తీసేస్తే గోడలకి కొత్త పగుళ్లు రావచ్చు. అలాంటి చోట చెట్టు కొట్టించే ముందు సివిల్ ఇంజనీర్‌ను అడగండి.

8. ఇప్పుడు తేల్చండి

కాగితంలో రెండు విషయాలు పక్కపక్కన పెట్టండి: విరిగే అవకాశం ఎంత, విరిగితే తగిలేది ఏమిటి. మార్కులు వేసి కూడికలు చేసే పద్ధతులు ఉన్నాయి గానీ, ఇంటి పెరటికి నాకు అవి అనవసరం అనిపిస్తుంది. ఒక్క పెద్ద లోపం ఉంటే మిగతా అన్నీ బాగున్నా సగటు తీయడంలో అర్థం లేదు.

వెంటనే, అంటే రోజుల్లో: కొత్తగా వాలి నేల ఉబ్బినది, గాలికి తెరుచుకుంటున్న చీలిక, పూర్తిగా ఎండి మోడై, కింద ఇల్లో దారో ఉన్నది, పైన వేలాడుతున్న విరిగిన కొమ్మ (ఇక్కడ కొమ్మ మాత్రమే).

వానాకాలం, గాలుల కాలం వచ్చేలోపు: మొదట్లో పుట్టగొడుగు వచ్చి, సుత్తికి డొల్ల మోగి, పడే వలయంలో మనుషులు పడుకునే చోటు ఉన్నది, ఒక వైపు లావు వేళ్లన్నీ తెగినది, సగానికి మించి ఎండినది. గాలి వేగం రెట్టింపైతే చెట్టు మీద తోపు నాలుగింతలవుతుంది, నేల నాని ఉంటే వేళ్ల పట్టు సడలుతుంది. ఈ రెండూ కలిసొచ్చే కాలం ముందే పని ముగించాలి.

ఏడాదికి రెండుసార్లు చూస్తూ ఉంచొచ్చు: గోడ మందంగా ఉన్న తొర్ర చెట్టు, పాత వాలు, కొద్దిగా ఎండిన కొమ్మలు, కింద ఎవరూ తిరగని చెట్టు. ఇలాంటివాటిని కొట్టించాలనిపిస్తే అది మీ ఇష్టం, కానీ దానికి ప్రమాదం అనే పేరు పెట్టకండి.

తేలకపోతే చెట్ల పరీక్ష తెలిసిన నిపుణుడిని పిలవండి. శబ్ద తరంగాలతో లోపలి డొల్లను బొమ్మ గీసే యంత్రాలు, సన్నని సూదిలాంటి డ్రిల్లుతో కర్ర గట్టిదనం కొలిచే పరికరాలు ఉన్నాయి. సలహా చెప్పేవాడూ, కొట్టి డబ్బు తీసుకునేవాడూ ఒకరే అయితే ఇంకొకరిని కూడా అడగండి.

మధ్యేమార్గంగా "తలంతా కొట్టేస్తే సరి" అనేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. పై గుబురంతా మొండిగా నరికితే అంత పెద్ద గాయాల్లోంచి కుళ్లు దిగుతుంది. పైగా ఆ మొండాల నుంచి గుత్తులుగా లేచే కొత్త కొమ్మలు బెరడు అంచున పైపైన అతుక్కుని ఉంటాయి, లావెక్కాక తేలిగ్గా ఊడిపోతాయి. ఇవాళ్టి భయం తగ్గించి అయిదేళ్ల తర్వాతి భయం పెంచుకున్నట్టు. బరువు తగ్గించాలంటే ఎంచిన కొమ్మలను, వాటి పక్కకొమ్మ దాకా మాత్రమే తీయించాలి.

9. కొట్టించేటప్పుడు

నిచ్చెనా రంపమూ రెండూ కావాల్సి వస్తే ఆ పని మీది కాదు. ఇదొక్కటే నియమం, దీనికి మినహాయింపు అడగొద్దు. కరెంటు తీగకు 3 మీటర్లలోపు కొమ్మ ఉంటే చెట్లు కొట్టేవాళ్లు కూడా తాకకూడదు. ముందు విద్యుత్ శాఖకు చెప్పి లైను ఆపించాలి.

సొంత పెరట్లో చెట్టే అయినా చాలా చోట్ల స్థానిక సంస్థ నుంచో అటవీ శాఖ నుంచో అనుమతి కావాలి. ముందే కనుక్కోండి. ప్రమాదం ముంచుకొచ్చి వెంటనే తీయాల్సి వస్తే, మీరు తీసిన ఫొటోలు, సుద్ద గీతలు, కొలతలు అప్పుడు పనికొస్తాయి. చెట్టు సరిహద్దు మీద ఉంటే పక్కింటివాళ్లతో మాట్లాడకుండా రంపం పెట్టించకండి. పైన గూళ్లు ఉన్నాయేమో చూడండి. గుడ్లో పిల్లలో ఉండి, తొందర లేకపోతే కొన్ని వారాలు ఆగొచ్చు.

వచ్చినవాళ్లను అడగాల్సినవి: ఏ దిక్కు నుంచి మొదలుపెడతారు, ముక్కలను తాడు కట్టి దించుతారా, పనివాళ్లకు బీమా ఉందా, గోడ పగిలితే ఎవరు కట్టిస్తారు, మొద్దు సంగతేమిటి, కర్ర ఎవరు తీసుకెళ్తారు. ఇళ్ల మధ్య చెట్టును కింద కోసి ఒక్కసారిగా పడగొడతామంటే ఒప్పుకోకండి. పై నుంచి ముక్కలుగా దించాలి. లోపల పుచ్చిన చెట్టు సంగతి ముందే వాళ్లకు చెప్పండి. ఎక్కేవాడి ప్రాణం ఆ సుద్ద గీతల మీద ఆధారపడి ఉండొచ్చు.

పక్కన ఎవరూ తిరగని మూల అయితే మొత్తం తీయకుండా మూడు నాలుగు మీటర్ల మోడును ఉంచడం కూడా ఒక దారి. పడినా దూరం పోదు, వడ్రంగిపిట్టలూ చిలకలూ తొర్రలు వాడుకుంటాయి. మొదట్లోనే కుళ్లిన చెట్టుకి మాత్రం ఇది వద్దు.

10. తర్వాత

మొద్దు ఉంచితే కొన్ని జాతులు మళ్లీ చిగురిస్తాయి, ఆ చిగుళ్లు పట్టు లేనివి, తుంచేస్తూ ఉండాలి. యంత్రంతో నేలకి 15 నుంచి 30 సెంటీమీటర్ల కింద దాకా అరగదీయించొచ్చు. పక్కన ఇంకో పెద్ద చెట్టు ఉంటే దాన్ని ఆ ఏడాది కాస్త గమనించండి. ఇన్నాళ్లూ ఇది కాచిన గాలి ఇప్పుడు దాని మీదికి నేరుగా వస్తుంది.

కొత్త మొక్కను అదే గుంటలో వెంటనే నాటకండి. కుళ్లే వేళ్లు, రంపపు పొట్టు ఆ మట్టిలో నత్రజనిని లాగేసుకుంటాయి, మొక్క పసుపుపచ్చగా మారి ఎదగదు. రెండు మూడు మీటర్లు పక్కకి జరిపి నాటండి, పెద్దయ్యాక ఎంత ఎత్తు పెరుగుతుందో ముందే తెలుసుకుని. ఇంకా తొందర లేని చెట్టు అయితే దాన్ని కొట్టించడానికి మూడు నాలుగేళ్ల ముందే కొత్తది నాటేయండి. దన్నుగా కట్టిన కర్రను మాత్రం మొదటి ఏడాది దాటగానే విప్పేయండి.